అందిందని చెప్పిన పెట్టె

పోలరాజు కుర్చీలో ఒక్కసారిగా ఎగిరిపడ్డాడు. నుదుటి పట్టీ బిగుసుకుంది. కాళ్ళు నేలను తన్నాయి. గొంతులోంచి మనిషిదో పశువుదో తెలియని అరుపొకటి వచ్చింది. గాజు తలుపు ఇవతల కూర్చున్న నూకరత్నం కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. కుర్చీలో ఉన్నది ఆమె తండ్రి. ఆయన తలలోంచి బయటికి వస్తున్నది ఆమె తమ్ముడి హత్య.

"ఆపకు రత్నం," అంది డాక్టర్ సలీమా. "ఇప్పుడు ఆపితే ఆయనకే నరకం. నీకు తెలుసుగా."

తెలుసు. సలీమా కనిపెట్టిన ఈ యంత్రం సాక్షి తలలోని జ్ఞాపకాన్ని ముక్కలు ముక్కలుగా చదివి, ఒక్కో ముక్కనూ కోర్టువారి వెబ్‌సైట్‌కి పంపుతుంది. చదివిన చోటల్లా చెరిగిపోతుంది. చెరగకుండా చదివే దారి కోసం సలీమా ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుంది, దొరకలేదు. జ్ఞాపకం మనిషిలోనైనా ఉండాలి, కోర్టులోనైనా ఉండాలి. నోటిమాట సాక్ష్యాన్ని బెదిరించి మార్పించవచ్చు. కళ్ళు చూసినదాన్ని ఎవడు మార్పించగలడు? అందుకే కోర్టులు ఈ యంత్రాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఒక్కటే షరతు పెట్టాయి. ఫైలు మొత్తం అందాలి. ఒక్క ముక్క తగ్గినా ఆ వాంగ్మూలం చెల్లదు.

పంపడం మధ్యలో తెగిందా లేదా అని కనిపెట్టే ప్రోగ్రాం రాయడమే ఆ ప్రయోగశాలలో రత్నం ఉద్యోగం. ముక్క వెళ్తుంది, కోర్టు నుంచి 'అందింది' అని జవాబు వస్తుంది, అప్పుడే యంత్రం తరువాతి ముక్కను చదువుతుంది. జవాబు రాకపోతే లైను తెగినట్టు లెక్క, నుదుటి పట్టీలోంచి తలలోకి దిగిన సూది పైకి లేస్తుంది. మొదట్లో అలాగే నడిచింది. కిందటేడు ఒక ముసలామెను కూర్చోబెట్టినప్పుడు లైను మాటిమాటికీ తెగింది. తెగినప్పుడల్లా సూది లేచింది, లేచినప్పుడల్లా ఆమె విలవిల్లాడింది. చివరికి నాలుక కొరుక్కుని నోటినిండా నెత్తురుతో పడిపోయింది. ఆ రోజు సలీమా గోడకు తల బాదుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు చూడలేక రత్నం ఒక ఉపాయం చేసింది. కింద మెట్ల పక్క గదిలో ఒక పెట్టె పెట్టింది. ముక్కలు ముందు పెట్టెలోకి వెళ్తాయి, పెట్టె వెంటనే తనే 'అందింది' అని చెప్పేస్తుంది, తీరిగ్గా కోర్టుకు పంపుకుంటుంది. లైను మధ్యలో పోయినా సాక్షికి ఆ దెబ్బ తగలదు. సాక్ష్యం నకలు ప్రయోగశాలలో మిగలకూడదని చట్టం కాబట్టి, ఆ పెట్టె దేన్నీ శాశ్వతంగా దాచుకోదు, కరెంటు ఉన్నంతసేపే మోస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. దాన్ని 'అమ్మ పెట్టె' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. జాలిపడి రాసిన అబద్ధం కూడా అబద్ధమేనని ఒక్కరికీ తట్టలేదు.

ఎల్లాజీని చంపింది పట్టపగలు, విశాఖ చేపల రేవులో. ఫ్యాక్టరీల విషపు డ్రమ్ములను పడవల్లో తీసుకుపోయి సముద్రంలో పారబోసే కోదండానికి అతను అడ్డం నిలబడ్డాడు. కోదండం మనిషి కొండబాబు అతన్ని నరికాడు. రేవులో ఎవరిని అడిగినా ఆ టైముకి టీ తాగడానికి వెళ్ళామన్నారు. అంతమందికి ఒకేసారి టీ పోసిన కొట్టు ఎక్కడుందో పోలీసులు కూడా అడగలేదు. చివరికి కన్నతండ్రే ముందుకొచ్చాడు. "నాను సూసినాను. కోదండం కూడా అక్కడే ఉన్నాడు. నా తలకాయలోంచి మొత్తం తీసీండి బాబూ, ఒక్క ముక్క కూడా ఉంచకండి," అన్నాడు. కొడుకు కోసం అంత తెగించాడే అని రత్నం గుండె పొంగిపోయింది.

తెర మీద గీత నిండింది. పచ్చరంగు వెలిగింది. సూది లేచింది.

పోలరాజు కళ్ళు తెరిచి, కాసేపు పైకప్పు కేసి చూశాడు. మొహంలో నెలల తరబడి ఉన్న నలుపు వదిలిపోయింది.

"అయిపోనాదేటమ్మా?"

"అయిపోయింది నాన్నా. ఎలా ఉంది?"

"తేలిగ్గున్నాది. ఎల్లాజీగాడు పోనాడని తెలుసు. ఎలగ పోనాడంటే... ఏటీ కనబడ్డం లేదే." తలను చేత్తో తడుముకుని నవ్వబోయాడు. "ఆకలేస్తన్నాది గుంటా," అన్నాడు కూతురితో.

రత్నం కళ్ళు తుడుచుకుని, ఆఖరి పనిగా కోర్టువారి పేజీ తెరిచింది. దానిలో పోలరాజు వాంగ్మూలం సగం దగ్గర ఆగి ఉంది. మళ్ళీ తెరిచి చూసింది. సగమే. పై ప్రాణాలు పైనే పోయాయి.

"సలీమా! కోర్టుకు చేరలేదు!"

"ఇక్కడ పూర్తయిందని ఉందిగా?"

"అది పెట్టె చెప్పిన మాట. లైను ఎప్పుడో తెగింది. మిగతాదంతా పెట్టెలోనే ఉంది."

అంటే ఎల్లాజీ చావు ఇప్పుడు తండ్రి తలలో లేదు, కోర్టులో లేదు. మెట్ల పక్కన ఒక రేకు పెట్టెలో, కరెంటు మీద బతుకుతోంది. సలీమా నోరు తెరిచేలోగా కరెంటు పోయింది.

గేటు దగ్గర కేక వినబడింది. రత్నం కిటికీలోంచి చూసింది. కాపలా కానిస్టేబుల్ బంగార్రాజు తుపాకీ పైకెత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. కొండబాబు కత్తి అతని మెడ పక్కన దిగింది. బంగార్రాజు మోకాళ్ళ మీద కూలాడు. కొండబాబు కాలితో అతన్ని తోసి కత్తి లాక్కున్నాడు. ఆ వెనక ఇద్దరున్నారు. ఒకడి చేతిలో గొడ్డలి, ఇంకొకడి చేతిలో కిరసనాయిలు డబ్బా. వీధిలో కేబుల్ తెంపింది, కరెంటు తీసింది ఎవరో ఇక వేరే చెప్పాలా?

"పోలీసులకు ఫోన్ చెయ్," అని రత్నం తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"ఎక్కడికి? చంపేస్తారే!"

"పెట్టెకున్న బ్యాటరీ ఎంతోసేపు రాదు!"

యంత్రాన్ని చల్లబరిచే ద్రవ నైట్రోజన్ క్యాను తలుపు పక్కనే ఉంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు, మూత ఊడదీసి రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగింది. కింద గది తలుపును గొడ్డలివాడు అప్పటికే నరుకుతున్నాడు. చప్పుడుకు తల తిప్పాడు. రత్నం క్యాను వాడి మొహం మీద కుమ్మరించింది. తెల్లటి పొగలో వాడి కేక సగంలో తెగిపోయింది. కళ్ళు చేతులతో మూసుకుని, మూసుకున్న చేతులను మళ్ళీ విదిలించి, గోడకు గుద్దుకుని పడ్డాడు. చర్మం తెల్లగా బిగిసి పగులుతోంది. రత్నం వాణ్ణి దాటుకుని, విరిగిన తలుపులోంచి లోపలికి దూరి, పెట్టెను బ్యాటరీతో సహా పెకలించి చంకన పెట్టుకుంది.

బయటికి రాగానే రెండోవాడు ఎదురయ్యాడు. డబ్బాతో ఆమె తల మీద కొట్టాడు. కిరసనాయిలు కళ్ళలో పడి మండింది. ఆమె కాళ్ళ దగ్గర దొర్లుతున్న ఖాళీ క్యానును అందుకుని గుడ్డిగా విసిరింది. అది వాడి మోకాలికి తగిలి, వాడు మెట్ల కింద బోర్లా పడ్డాడు. వెనక నుంచి కొండబాబు గొంతు వినబడింది.

"ఒలే, ఆ పెట్టి ఇలగిచ్చీయే! నిన్నేటీ సెయ్యను!"

కత్తి ఆమె భుజం మీద గీసింది. నొప్పి తెలియలేదు, చొక్కా తడవడం మాత్రం తెలిసింది. పైకి పరుగెత్తి గదిలో పడింది. సలీమా తలుపు గడియ పెట్టి, బీరువాను అడ్డం లాగింది. పోలరాజు కూడా భుజం పెట్టాడు. బయట కత్తి తలుపు మీద పడటం మొదలైంది.

పెట్టె మీద ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతోంది. యంత్రానికి దాని సొంత బ్యాటరీ ఉంది కానీ, పెట్టెకు దాన్నుంచి కరెంటు ఇచ్చే తీగ అక్కడ లేదు. ఉన్నది ముక్కలు పోయే తీగ ఒక్కటే.

"వెనక్కి పోద్దాం," అంది రత్నం. "పెట్టెలోంచి మనిషిలోకి."

"పిచ్చా నీకు? ఆ పని నా మీద నేనే ఒక్కసారి చేసుకున్నాను. చాలా రోజులు నా పేరు నాకు గుర్తు రాలేదు."

"నాకే ఎక్కించీండి," అన్నాడు పోలరాజు. "నాదే గదా అది."

సలీమా తల అడ్డంగా ఊపింది. "మీలో ఆ చోటు కాలిపోయింది బాబాయ్. ఇక పట్టదు."

రత్నం వెళ్ళి కుర్చీలో కూర్చుని, పట్టీ తనే బిగించుకుంది.

మొదట వాసన వచ్చింది. డీజిలు, ఎండుచేప, తడి తాడు. తరువాత చేతులు కనబడ్డాయి, మొద్దు చేతులు, కాయలు కాసిన చేతులు. కుడిచేతిలో చేపలు కోసే పెద్ద కత్తి ఉంది. కళ్ళకు అడ్డంగా వల ఉంది. ఆరేసిన వలల వెనక, గచ్చు మీద, ఆమె తండ్రి ఒంట్లో ఆమె ముడుచుకుని కూర్చుని ఉంది.

వల కళ్ళలోంచి రేవు కనబడుతోంది. జీపులోంచి కోదండం గడ్డం పైకెత్తి సైగ చేశాడు. కొండబాబు మొదటి దెబ్బ ఎల్లాజీ భుజం మీద వేశాడు. చెయ్యి వేలాడింది. రెండోది మెడ మీద తగిలింది. ఎల్లాజీ మోకాళ్ళ మీద పడి, వలల కేసి తిరిగాడు. అక్కడ ఎవరున్నారో వాడికి తెలుసు.

"నాన్నా! రా నాన్నా!"

మోకాళ్ళు కదల్లేదు. ఎడమచెయ్యి భుజం మీది తువాలును లాగి నోట్లో కుక్కుకుంది, చప్పుడు బయటికి రాకుండా. కుడిచేతిలో కత్తి ఉండనే ఉంది. కొండబాబు ఇంకా నరుకుతూనే ఉన్నాడు. నెత్తురు గచ్చు మీద పారి వల అంచుదాకా వచ్చింది. ఆ తల నిండా ఒక్కటే మాట గింగురుమంది. నన్ను చూడకుండా ఉంటే చాలు, నన్ను చూడకుండా ఉంటే చాలు.

రత్నం కళ్ళు తెరిచేసరికి తలుపు విరిగి ఉంది. బీరువా పక్కకు ఒరిగింది. కొండబాబు సలీమాను జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టి, కుర్చీ వైపు వస్తున్నాడు. రత్నం తల ఇంకా పట్టీలోనే బిగిసి ఉంది. కేకేయడానికి నోరు తెరిచింది. నోట్లో తువాలు ఉన్నట్టే అనిపించి కేక బయటికి రాలేదు.

అప్పుడు పోలరాజు సెలైన్ స్టాండు ఎత్తాడు.

"ఎవుడ్రా నువ్వు? నా గుంట మీద సెయ్యేస్తావేట్రా?"

మొదటి దెబ్బకు కొండబాబు మణికట్టు విరిగి కత్తి జారింది. రెండో దెబ్బ దవడ మీద పడింది. పళ్ళు నేల మీద దొర్లాయి. కొండబాబు కింద పడ్డాక కూడా ముసలాయన ఆగలేదు. మీద కూర్చుని, ఇనుప కడ్డీతో మోచేతులు, మోకాళ్ళు, పక్కటెముకలు వరసగా విరగ్గొట్టాడు. ఆ కళ్ళలో భయమన్నది మచ్చుకైనా లేదు. ఉండటానికి చోటే లేదు మరి, అదంతా ఇప్పుడు కూతురి తలలో ఉంది. పోలీసులు వచ్చి నలుగురు కలిసి లాగితే గానీ ఆయన లేవలేదు.

కొండబాబు బతికాడు. ఎన్ని ప్రశ్నలడిగినా కోదండం పేరెత్తలేదు. అతనితోపాటు అరెస్టయిన కోదండాన్ని పట్టి ఉంచడానికి ఇక మిగిలింది ఆ వాంగ్మూలం ఒక్కటే. సగం ఫైలును పక్కన పెట్టి ఉంచామని, మిగతా ముక్కలు వస్తే అతికించుకుంటామని, అవి ఇప్పుడు కూతురి దగ్గర ఉన్నా అభ్యంతరం లేదని కోర్టు చెప్పింది. వాయిదా దగ్గర పడింది.

రేవులో మాత్రం పోలరాజు పులి అయిపోయాడు. ఆ రోజు టీ తాగడానికి వెళ్ళిన మహానుభావులంతా ఇప్పుడు ఆయనకు టీ పోయించడానికి పోటీపడ్డారు. "కొడుకు కోసం ఒంటి సేత్తో ముగ్గురిని పడగొట్టినాడ్రా," అని చెప్పుకున్నారు. ఆయన సిగ్గుపడుతూనే విన్నాడు. రత్నం ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయింది. ఆయన చేతులు చూస్తే తన చేతులే అనిపించేవి. అసహ్యం వేసేది, ఆ వెంటనే జాలి వేసేది, రెండూ కలిసి నిద్ర పట్టనిచ్చేవి కావు.

తలకు కట్టుతో ఉన్న సలీమా ఆమెను చూసి అంతా కక్కించింది. విని, గొంతు తగ్గించింది.

"ఆ ఒక్క చోటు తీసేసి పంపలేం. పంపితే అంతా పంపాలి. లేదా... మధ్యలో సూది ఎత్తేస్తాను. లైను తెగిందని రాస్తాను. మన లైన్ల సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ అడగరు."

"కోదండం?"

"బయటికొస్తాడు."

రత్నం ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. ఆయన వంజరం చేప ముక్కలకు కారం పట్టిస్తున్నాడు.

"నాన్నా, నీకో మాట చెప్పాలి. నీ తలలోది నాలో ఉంది కదా. తమ్ముణ్ణి నరుకుతుంటే నువ్వు వలల చాటున ఉన్నావు. చేతిలో కత్తి ఉంది. వాడు పిలిచాడు. నువ్వు వెళ్ళలేదు."

ఆయన కారం చేత్తోనే ఆమె చెంప పగలగొట్టాడు.

"నానా? నా కొడుకు పిలిస్తే నాను ఎల్లనా? నా గురించి నీకు తెల్దేటి? ఆ గదిలో సూసినావు గదా నన్ను!"

"చూశాను. రెండూ చూశాను."

"ఆ యంత్రం నీ తలకాయ సెడగొట్టీసినాది." ఆయన ముక్కల గిన్నెను పక్కకు తోసేశాడు. "పంపీ. మొత్తం పంపీ. కోర్టు సూడనీ, ఊరంతా సూడనీ. నాను దాక్కున్నానో లేదో నా కళ్ళతో నాను సూసుకుంటాను."

చెంప మంటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత గట్టిగా నమ్ముతున్న మనిషిని ఇంకేం నమ్మించాలి? తను చూసింది అబద్ధం కావాలని ఆ క్షణాన ఆమె మనసారా కోరుకుంది.

మర్నాడు పెట్టె లేకుండా యంత్రపు కుర్చీలో కూర్చుంది. ప్రతి ముక్కకూ కోర్టే జవాబివ్వాలని ప్రోగ్రాం తిరగరాసింది. లైను తెగుతూ వచ్చింది. తెగినప్పుడల్లా సూది లేచింది, ఆమె కుర్చీలో మెలికలు తిరిగింది, ముక్కులోంచి నెత్తురు కారింది. సలీమా చెయ్యి ఆపే మీట మీదే ఉంది.

"ఎత్తేయనా రత్నం? చెప్పు, ఎత్తేస్తాను."

"వద్దు... మళ్ళీ కలుపు."

ఆఖరి 'అందింది' వచ్చేసరికి ఆమె స్పృహలో లేదు.

కోర్టు హాలు రేవు జనంతో కిక్కిరిసింది. తండ్రీకూతుళ్ళు ముందు బెంచీలో కూర్చున్నారు. వలల చాటు సంగతి తన నోటితోనే తండ్రికి చెప్పినట్టు రత్నానికి గుర్తుంది. ఎందుకు చెప్పిందో చూపించే దృశ్యం మాత్రం తలలో లేదు. పక్కన నిటారుగా కూర్చున్న ఈ మనిషి దాక్కున్నాడంటే ఆమెకే నమ్మబుద్ధి కావడం లేదు. బోనులో కోదండం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను మన్నించు నాన్నా," అంది మెల్లగా. "తల చెడి ఏదో కూసి ఉంటాను."

"పోన్లేమ్మా. ఇప్పుడు సూద్దుం గదా," అని ఆయన ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

తెర వెలిగింది. ముందు పొద్దుటి రేవు వచ్చింది. ఎల్లాజీ పడవ అంచు మీద కూర్చుని నవ్వుతూ తండ్రిని ఏదో ఆటపట్టిస్తున్నాడు. హాల్లో ఆడవాళ్ళు వెక్కడం మొదలుపెట్టారు. జీపు వచ్చింది, మనుషులు దిగారు, కొండబాబు చేతిలో కత్తి మెరిసింది. దృశ్యం గబగబా వెనక్కి పోయింది, కిందికి కుంగింది. తెర నిండా వల కళ్ళు అడ్డం వచ్చాయి.

రేవు ఆ వల సందుల్లోంచి అలా కనబడాలంటే మనిషి ఎంతగా ముడుచుకుని కూర్చోవాలో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. రత్నం చేతిలో తండ్రి చెయ్యి చల్లబడిపోయింది. జీపులోంచి కోదండం గడ్డం ఎత్తాడు. మొదటి దెబ్బ పడింది. రెండోదీ పడింది. ఎల్లాజీ మోకాళ్ళ మీద తిరిగి, తెరలోంచి తిన్నగా హాల్లోకి చూశాడు.

"నాన్నా! రా నాన్నా!"

పోలరాజు దిగ్గున లేచాడు.

"వస్తన్నాను బాబూ! వస్తన్నాను!"

రత్నం ఆయన చొక్కా పట్టుకుంది, అది చేతిలో చిరిగి ఉండిపోయింది. ఆయన ముందున్న కర్ర కంచె మీంచి దూకి పడ్డాడు, లేచాడు, అడ్డం వచ్చిన కానిస్టేబుల్‌ను గుద్దాడు. ఇద్దరు నడుము పట్టుకుంటే వాళ్ళను కూడా ఈడ్చుకుంటూ తెర వైపు పోయాడు. మోచేయి పగిలి నెత్తురు కారుతోంది. "వదలండ్రా, నా కొడుకు పిలుస్తన్నాడు, వదలండ్రా," అంటూ రెండు చేతులూ చాచాడు.

తెర మీద కత్తి లేస్తూ, పడుతూ ఉంది. వల మాత్రం కదల్లేదు.